కత్తిరి

కత్తిరి ఎండలు మొదలైన నాలుగో దినం.
నా బల్ల మీదా కత్తిరే, నెత్తి మీదా కత్తిరే.
కరెంటు పోయింది. మోటారు మిషను మూతి మూసుకునింది.
వళ్ళెమ్మ గడపలో నిలబడి
"కోనకు పోదాం రామే" అనింది.
"మార్చుకునేదానికి గుడ్డలు?" అంటే
"గుడ్డలెందుకు, ఆడ కొండ తప్ప మొగోడెవుడు?" అనింది.

పుత్తూరులో ఇరవై ఏడేండ్లుగా
ఆడోళ్ళకు జాకెట్లు కుడతా ఉండా.
నా కొలతల బుక్కులో వీధికి వీధే ఉండాది:
నడుము ముప్పైనాలుగు, చంక లూజు,
రెండో కాన్పు తర్వాత ఇంచిన్నర వదలాల,
కుడి బుజం ఒక పిసరు కిందికి,
కట్టు కట్టినా కుదురుకోని పాత విరుపు.
అంకెలుగా అందురూ తెలుసు నాకు.

ఐదుమందిమి. కొండ కింది దాకా షేరాటో,
ఆడనుంచి నడక.
పులిగోర క్యారియరు బేబీ చంకలో,
ఉప్పూకారం పొట్లం నా కొంగున.
బండలు పెనాల మాదిరి కాలతా ఉండాయి.
ఎండాకాలం కదా, కొండ మీద ధార
సూదిలోకి ఎక్కించొచ్చు, అంత సన్నం.
దాని కింద మడుగు మాత్రం మెడలోతు,
నల్లంగా, కదలకుండా.

మొదట వళ్ళెమ్మ. చీర విప్పి బండ మీద పరిచి
ఎగిరిపోకుండా రాయి పెట్టింది.
తర్వాత ధనకోటక్క, అరవై దాటినామె,
"ఈ వొంటిని ఇంగెవురు చూడాల, కాకులా?" అని నవ్వతా.
ఆమె కడుపు మీద చారలు,
ఏరు ఎండినాక ఇసకలో మిగిలిన నీళ్ళ జాడలు.

నేను ఒక్కొక్క హుక్కూ విప్పతా ఉంటే
చేతులు వొణికినాయి.
పొద్దున లేస్తే హుక్కులు కుట్టే చేతులే.
వెలుతుర్లో నా వొళ్ళు నేనెప్పుడు చూసినా?
తడిక చాటున పోసుకున్నా
పావాడ ఎదకు కట్టుకునే పోసుకుంటి.
బుక్కులో నా పేజీ లేదు.

బండ మీద ఇంకా కూచోనుండేది సులోచన ఒకతే.
రెండేండ్ల ముందు రాయవేలూరు ఆస్పత్రి నుంచి వచ్చి
రాత్రి తొమ్మిదింటికి నా తలుపు కొట్టింది.
ఎడమ పక్క దూది పెట్టి కుట్టమనింది.
కుట్టినాను. పదకొండు జాకెట్లు.
కుడి పక్కతో సమంగా, చేత్తో తూకమేసి.
వాళ్ళ ఆడబిడ్డకు కూడా తెలీదు.

నీళ్ళలోనుంచి తల అడ్డంగా ఊపబోయినా,
వొద్దులే, ఉండనీ, అని.
ఆమె నా తట్టు చూడనే లేదు.
విప్పేసింది.
జాకెట్టు తిరగేసి, దూది పైకుండేట్టు
ఎండలో పెట్టింది.

ఎవురూ మాట్లాడలా.
యాడో పికిలిపిట్ట అరిచి ఊరుకునింది.
ఎదకు అడ్డంగా, చంక దాకా, కుట్టు.
నాకు ముందొచ్చిన ఆలోచన
చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉండాది:
ఇంకొంచెం సన్నంగా కుట్టుండొచ్చు గదా అని.

ధనకోటక్క పక్కకు జరిగి
"ఈడికి రామే, ఈడ చల్లంగుండాది" అనింది.
అంతే.

పొద్దు వాలే దాకా నీళ్ళల్లోనే.
మామిడికాయ పగలగొట్టి కారంలో అద్దుకున్నాం.
బేబీ వాళ్ళ అత్త గురకను చేసి చూపిస్తే
నవ్వలేక ధనకోటక్క మునిగి లేచింది.
చేపపిల్లలు మా మడాలు కొరికినాయి,
ఎవురి కాలని అడక్కుండా.

దిగేటప్పుడు అందరం కట్టుకున్నాం.
సులోచన జాకెట్టులో కుట్లు పళ్ళతో తెంపి
వెచ్చనైన దూదిని పీకి నా చేతిలో పెట్టింది.
"దిండుకు పనికొస్తాదిలే" అనింది.

రాత్రి బుక్కు తీసి
ఆమె పేజీలో ఎడమ పక్క అంకె కొట్టేసినాను.
కొత్తది ఏం రాయాలో తెలీలా.
ఎన్నడూ ఎండ చూడని చోటంతా మంట.
మజ్జిగ పూసుకుంటి.
తగ్గలా.
తగ్గాలని కూడా
అంతగా అనిపించలా.